నల్ల బండి మీద సన్న గీతలు: రబ్బింగ్ కొట్టించాలా, కోటింగ్ వేయించాలా, ఇంట్లోనే చేసుకోవచ్చా?

ఓరుగల్లు_నల్లబండి (హన్మకొండ)

నమస్తే అందరికీ. నాది నల్ల క్రెటా. నీడలో ఉంటే కొత్త బండిలాగే ఉంటుంది. ఎండలోకి తీస్తే చాలు, బానెట్ మీద సూర్యుడు కనిపించే చోట చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్న గీతలు. రాత్రి పెట్రోల్ బంకులో ఎల్‌ఈడీ లైట్ల కింద ఆపితే ఒక్కో లైటు చుట్టూ ఒక్కో గూడు. గోరు పెట్టి గీసి చూశాను, ఏమీ తగలడం లేదు. బానెట్, డిక్కీ మీద ఎక్కువ, డోర్ల మీద కొంచెం తక్కువ.

మామూలుగా కడిగించే వాషింగ్ సెంటర్లో అడిగితే "రబ్బింగ్ కొట్టిస్తే, అంటే అరగదీసే పేస్టు (కాంపౌండ్) పెట్టి మిషన్‌తో రుద్దిస్తే, పోతాయి సార్, గంట పని" అన్నారు. ఇంకో చోట అడిగితే సెరామిక్ కోటింగ్ వేస్తే అన్నీ మాయమవుతాయి, ఇరవై వేల పైనే అవుతుంది అన్నారు. ఎవరి మాట నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది. దసరా లోపు బాగు చేయించాలి. మిషన్ కొనుక్కుని ఇంట్లో నేనే చేసుకోగలనా అన్నది కూడా చెప్పండి.

కాజీపేట_జంక్షన్

తమ్మీ, గోరుకు తగలడం లేదంటే సంతోషించు. వీటినే స్వర్ల్ మార్క్స్ అంటారు. రంగు దాకా పోలేదు, రంగు మీద ఉండే క్లియర్ కోట్ పైపైనే ఉన్నాయి. నిజానికి అవి గుండ్రటి గీతలు కూడా కావు. తుడిచినప్పుడల్లా ఒక్కో దిక్కుకు పడ్డ గీతలు వేలకొద్దీ ఉంటాయి, వాటిలో వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరిసి కంటికి ఆనుతాయి, అందుకే లైటు చుట్టూ వలయంలా కనిపిస్తాయి. ఫోన్ టార్చ్ పట్టుకుని బానెట్ మీదుగా మెల్లగా జరిపి చూడు, వలయం కూడా లైటు వెంటే జరుగుతుంది. తెల్ల బండికి, సిల్వర్ బండికి కూడా ఇవే గీతలుంటాయి, కనపడవు అంతే.

కోటింగ్ వేస్తే మాయమవుతాయన్న మాట నమ్మకు. కోటింగ్ అంటే చాలా పలచటి పారదర్శకమైన పొర. గీతల మీద వేస్తే గీతలు దాని కింద అలాగే కూర్చుంటాయి, తర్వాత తీయాలంటే ముందు కోటింగ్‌నే అరగదీయాలి. వాళ్లు చెప్పిన ఇరవై వేలలో పాలిషింగ్ కలిపి ఉందా, ఎన్ని స్టెప్పులు చేస్తారు, ఏ కాంపౌండ్ వాడతారు అని అడుగు. సూటిగా జవాబు చెప్పకపోతే అక్కడ ఇవ్వొద్దు.

మైక్రాన్_లెక్క (హన్మకొండ)

డిటైలింగ్ (బండి పైపూతను శుభ్రం చేసి మెరుగుపెట్టే) పని చేసేవాణ్ణి, కాస్త పొడుగ్గానే రాస్తాను, ఎందుకంటే ఈ గంటలో రబ్బింగ్ అనే మాట విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

కంపెనీ నుంచి వచ్చిన బండికి ప్రైమర్, రంగు, క్లియర్ కోట్ అన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్లు ఉంటుంది, కొన్ని బండ్లకు ఇంకా తక్కువ. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 దాకా. ఎండ నుంచి రంగును కాపాడేది ఆ పొరే. గీత "పోవడం" అంటే గీత లోతు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీసి చదును చేయడమే, ఇంకో అర్థం లేదు. పద్ధతిగా చేస్తే రెండు మూడు మైక్రాన్లు పోతాయి. అడ్డగోలుగా చేస్తే ఎంత పోయిందో చేసినవాడికి కూడా తెలియదు. ప్రతి దసరాకు, ప్రతి సంక్రాంతికి రబ్బింగ్ కొట్టించే బండ్లు నా దగ్గరికి వస్తుంటాయి, పైకప్పు మీద తెల్లగా పొట్టు లేస్తూ ఉంటుంది. ఆ స్థితికి వచ్చాక పాలిష్ చేసి లాభం లేదు, పెయింట్ వేయాల్సిందే. ఇక్కడి ఎండాకాలం మీకు తెలుసు కదా, పైకప్పు, బానెట్ ముందు దెబ్బతింటాయి.

గంటలో అయ్యే రబ్బింగ్‌లో జరిగేది ఇంకొకటి ఉంది. గ్లేజ్ లాంటి జిడ్డు పదార్థం గీతల్లో నిండి, బండి ఇచ్చేటప్పుడు అద్దంలా మెరుస్తుంది. నాలుగు వానలు పడ్డాక, రెండు సార్లు షాంపూ పడ్డాక గీతలన్నీ మళ్లీ బయటికి వస్తాయి. కాబట్టి ఎవరు చేసినా సరే, పని అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్లలో కలిపి ప్యానెల్ తుడిపించండి, తర్వాత టార్చ్ వేసి చూడండి. నూనె పోయాక ఏం కనిపిస్తుందో అదే నిజం.

ఆటోనగర్_పెయింటర్ (వరంగల్)

మైక్రాన్ భాయ్ చెప్పింది కరెక్టే గానీ రబ్బింగ్ చేసేవాళ్లందరినీ ఒకే గాటన కట్టొద్దు. చిన్నప్పటి నుంచి డెంటింగ్ పెయింటింగ్ పనిలోనే ఉన్నాను. పెయింట్ వేశాక 2000 నంబరు వాటర్ పేపర్ కొట్టి, ఆ గీతలు లేపాలంటే రోటరీ పాలిషింగ్ మిషన్, ఊల్ ప్యాడ్ ఉండాల్సిందే. డీఏ మిషన్‌తో (ప్యాడ్ తిరుగుతూనే ఊగే పాలిషింగ్ మిషన్) అదే పని చేస్తే పొద్దు గూకుతుంది. చెయ్యి తిరిగినవాడు రోటరీ పట్టుకుంటే ఏమీ కాదు.

కానీ చెయ్యి తిరగనివాడికి మాత్రం రోటరీ ఇవ్వకూడదు, ఇది ఖచ్చితంగా చెబుతున్నా. అది ఒకే ఇరుసు మీద తిరుగుతుంది, ఒక్క చోట నిలబెడితే వేడెక్కి పెయింట్ కాలుతుంది. ముఖ్యంగా అంచులు, బానెట్ మీద లైన్లు, డోర్ మడతలు, అక్కడ పెయింట్ పలచగా ఉంటుంది, కన్ను మూసి తెరిచేలోపు ప్రైమర్ కనపడుతుంది. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి వేడి బయటికి పోదు, అది ఇంకా డేంజర్. మా దగ్గర కుర్రాళ్లకు ముందు స్క్రాప్ బానెట్ ఇచ్చి దాని మీదే నేర్పిస్తాం.

ఇంకో మాట. కొన్ని వాషింగ్ సెంటర్లలో కడిగాక బాడీకి డీజిల్ కొట్టి తుడుస్తారు, మెరుపు రావడానికి. అది వద్దని చెప్పండి. జిడ్డుకు దుమ్ము అతుక్కుంటుంది, మళ్లీ తుడిస్తే ఆ దుమ్మే గీస్తుంది, రబ్బర్ బీడింగులు కూడా పాడవుతాయి.

మైక్రాన్_లెక్క

పెయింటర్ అన్నా, చెయ్యి తిరిగిన రోటరీ పనికి నేనూ దండం పెడతాను. నా గొడవ ఊల్ ప్యాడ్‌తో కోసి, ఫినిషింగ్ చేయకుండా వదిలేసేవాళ్లతోనే. ఎండలో చూస్తే బండి పక్కన నడుస్తుంటే వెంట కదిలే మబ్బు చారలు, హోలోగ్రామ్స్ అంటాం, అవి స్వర్ల్స్ కన్నా అసహ్యంగా ఉంటాయి. మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్న పాలిష్‌తో ఇంకో రౌండ్ వేస్తే పోతాయి, ఆ రౌండుకే చాలామందికి ఓపిక ఉండదు.

ఎర్ర_స్విఫ్ట్ (హన్మకొండ)

అందరూ గీతలు తీయడం గురించే చెబుతున్నారు, అవి ఎలా పడ్డాయో ఎవరూ అడగలేదు. మా అపార్ట్‌మెంట్‌లో పొద్దున్నే ఒకాయన వచ్చి అందరి బండ్లూ ఒకే పొడి గుడ్డతో తుడుస్తాడు. రాత్రంతా పడ్డ దుమ్ము మీద నీళ్లు కూడా చల్లకుండా గుండ్రంగా గుండ్రంగా రుద్దుతాడు. నా బండి మీద మొదటి గీతలు పడింది అక్కడే, ఇప్పుడు నా బండి ముట్టుకోవద్దని చెప్పి నెల డబ్బులు మాత్రం అలాగే ఇస్తున్నా, పాపం ఆయన పొట్ట కొట్టడం ఎందుకు. టైర్లు, అద్దాలు చూసుకుంటాడు.

రెండోది పూజ. కొత్త బండి భద్రకాళి గుడికి తీసుకెళ్తాం, బానెట్ మీద పసుపుతో, కుంకుమతో స్వస్తిక్ వేస్తారు, కొబ్బరికాయ కొడతారు. ఇంటికి వచ్చాక ఎండిపోయిన ఆ పసుపు కుంకుమను పొడిగుడ్డతో గట్టిగా రుద్దుతారు. బానెట్ మధ్యలో ఎప్పుడూ ఎక్కువ గీతలు ఉండటానికి ఇది కూడా కారణమే. మా ఇంట్లో ఇప్పుడు పూజ మానలేదు, తుడిచే పద్ధతి మార్చాం. ముందు నీళ్లు ధారగా పోసి నానబెట్టి, షాంపూ నురగతో జారిపోయేలా చేస్తాం. ఆయుధ పూజకు బండి తీసేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి. బొట్టు చిన్నగా నంబర్ ప్లేట్ మీద పెట్టమంటే మా పంతులు గారు సరేనన్నారు.

ఓరుగల్లు_నల్లబండి

అక్కా, సరిగ్గా చెప్పారు. వాషింగ్ సెంటర్‌కు పోయి నిలబడి చూశాను. కింద నేల మీద పడ్డ స్పాంజినే తీసి, నీళ్లలో ఒకసారి ముంచి మళ్లీ బానెట్ మీద పెట్టారు. ముందు బండి టైర్లు తుడిచింది కూడా దాంతోనే.

ఖని_రాత్రిషిఫ్ట్ (గోదావరిఖని)

మా దగ్గర సంగతి వేరే. ఒక పక్క బొగ్గు గనులు, ఇంకో పక్క ఎన్టీపీసీ, లారీలు తిరుగుతూనే ఉంటాయి. రాత్రి డ్యూటీకి పెట్టిన బండి పొద్దున చూస్తే రంగు తెలియదు. కవర్ కప్పుదామా అంటే గాలికి కవరే కొట్టుకుని గీతలు పడుతున్నాయి. రోజూ కడగలేం, తుడవకుండా ఉండలేం. ఏం చేయాలి?

కరీంనగర్_క్వారీ

అన్నా, మాకు గ్రానైట్ దుమ్ము. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది, మోస్ స్కేలు మీద దాని గట్టిదనం 7, మామూలు అద్దం 5.5 దగ్గర ఉంటుంది. అద్దాన్నే గీసేది క్లియర్ కోట్‌ను వదులుతుందా? అందుకే దుమ్ము ఉన్న బండిని పొడిగా ముట్టుకోవద్దు అన్నది మా ఇంట్లో చట్టం. కవర్ కూడా కడిగిన బండి మీద, గాలి కొట్టని చోట కప్పితేనే పనికొస్తుంది, దుమ్ము మీద కప్పితే అది గరుకు కాగితమే. నేను చేసేది ఏంటంటే, చిన్న ప్రెషర్ వాషర్ పెట్టుకుని దుమ్మంతా నీళ్లతోనే దింపేస్తాను, చెయ్యి పెట్టను. పూర్తిగా శుభ్రం కాదు, సన్నటి పొర మిగిలిపోతుంది, మిగలనీ. వారానికోసారి మాత్రం పద్ధతిగా షాంపూ వాష్. మధ్యలో బండి కొంచెం మట్టిగా కనిపిస్తే కొంపేం మునగదు. డ్రైవింగుకు అడ్డం రాకుండా అద్దాలు ఒక్కటి తుడుచుకోండి.

ఓరుగల్లు_నల్లబండి

నేనే చేసుకుందామని డిసైడ్ అయ్యాను. మా బావ దగ్గర డీఏ మిషన్ ఉంది, ఐదు అంగుళాల ప్లేట్‌ది. మైక్రాన్ అన్నా, మొదటి నుంచి చెప్పండి. ఇంకొకటి, మాది బోరు నీళ్లు, కడిగాక ఆరితే తెల్ల మచ్చలు పడతాయి, వాటికేం చేయాలి?

మైక్రాన్_లెక్క

మంచిది తమ్మీ. డీఏతో అయితే కొత్తవాళ్లు చేసినా పెయింట్ కాల్చుకునే భయం చాలా తక్కువ, ప్యాడ్ తిరుగుతూనే ఊగుతుంది, గట్టిగా నొక్కితే తిరగడమే ఆగిపోతుంది.

ముందు వాష్. రెండు బకెట్లు పెట్టుకో, ఒకదాంట్లో కార్ షాంపూ, ఒకదాంట్లో ఉత్త నీళ్లు. బట్టల పౌడర్, గిన్నెల సబ్బు వద్దు. ముందు నీళ్లతో దుమ్ము దింపు, నురగ పట్టించి కాసేపు వదిలెయ్. మైక్రోఫైబర్ మిట్‌తో (చేతి తొడుగు) పైకప్పు నుంచి కిందికి, గుండ్రంగా కాకుండా తిన్నగా లాగు. ఒక్కో ప్యానెల్ అయ్యాక మిట్‌ను ఉత్త నీళ్లలో జాడించి తర్వాతే షాంపూలో ముంచు. టైర్లకు, వీల్స్‌కు వేరే గుడ్డ, వేరే బకెట్. చివర్లో పెద్ద మైక్రోఫైబర్ టవల్ పరిచి నీళ్లు పీల్చుకోనివ్వు, రుద్దకు.

తెల్ల మచ్చలు ఎండిన నీళ్లలోని కాల్షియం లాంటి లవణాలు. తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి, నీడలో, చల్లటి ప్యానెల్ మీద తడి గుడ్డ పరిచి ఒకటి రెండు నిమిషాలు ఉంచు, తర్వాత బాగా కడిగెయ్. కొత్త మచ్చలు దాంతోనే పోతాయి. పాతవి క్లియర్ కోట్‌ను తినేసి ఉంటే పాలిషింగ్‌లో చూడాలి. మిషన్ భగీరథ నీళ్లు వచ్చే ఇల్లయితే ఆఖరి రౌండుకు అవి వాడుకో, ఏ నీళ్లైనా ఎండలో మాత్రం ఆరనివ్వకు.

కడిగిన బండి మీద పలచటి ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని తడిమి చూడు. గరగరలాడితే ఇనుప రజను, తారు చుక్కలు అతుక్కుని ఉన్నట్టు. కాజీపేటలో పట్టాల పక్కన పార్క్ చేసే బండ్లకు ఇది చాలా ఉంటుంది, రైలు బ్రేకుల నుంచి వచ్చే ఇనుప రజను. ఐరన్ రిమూవర్ కొడితే ఊదారంగులో కారిపోతుంది. మిగిలింది క్లే బార్‌తో (మురికిని పట్టి లాగే మెత్తటి మట్టి లాంటి ముద్ద), మధ్యలో జారుడుకు షాంపూ నీళ్లు చల్లుకుంటూ తీసెయ్. క్లే కింద పడితే పారెయ్, మళ్లీ వాడకు. ఈ పని ఎగ్గొట్టి మిషన్ పెడితే ఆ రజనే ప్యాడ్‌లో ఇరుక్కుని కొత్త గీతలు గీస్తుంది.

ఇక పాలిషింగ్. బండి నీడలో, బానెట్ చేతికి చల్లగా ఉండాలి, ఇంజిన్ వేడి కూడా పోవాలి. నల్ల ప్లాస్టిక్, రబ్బర్, అంచుల మీద మాస్కింగ్ టేప్. బానెట్ మీద అడుగున్నర చదరం టేపుతో గుర్తు పెట్టుకుని అక్కడ టెస్ట్ చెయ్. ముందు మీడియం ఫోమ్ ప్యాడ్, మీడియం పాలిష్, మెంజెర్నా 2500 లాంటిది. దాంతో పోతే ఇంకా గట్టిది ముట్టుకోవద్దు. పోకపోతేనే కటింగ్ కాంపౌండ్. మెత్తటి పనిముట్టుతో మొదలుపెట్టడం ఎప్పుడూ మంచిది, పోయిన క్లియర్ కోట్ తిరిగి రాదు.

శనగ గింజంత చుక్కలు నాలుగు ప్యాడ్ మీద వేసి, మిషన్ ఆన్ చేయకముందే ప్యానెల్‌కు ఆనించు, లేకపోతే గోడకు, నీ మొహానికి కొడుతుంది. స్పీడ్ ఒకటిలో పరిచి, నాలుగు, ఐదుకు పెంచు. చెయ్యి సెకనుకు అంగుళం చొప్పున కదలాలి, ప్రతి వరస ముందు వరసలో సగం కప్పాలి, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా. ప్లేట్ పక్కన మార్కర్‌తో ఒక గీత గీసుకో, ఆ గీత తిరుగుతూ కనిపిస్తుంటే ప్యాడ్ పని చేస్తున్నట్టు, ఒకే చోట వణుకుతుంటే నువ్వు ఎక్కువ నొక్కుతున్నట్టు. తర్వాత తుడిచి, ఆల్కహాల్ వైప్ వేసి టార్చ్ పెట్టు. ప్రతి ప్యానెల్ అయ్యాక ప్యాడ్‌ను బ్రష్‌తో దులుపు, తడిసి ముద్దయితే మార్చెయ్. ప్యాడ్లు ఒకటి రెండు చాలవు.

డోర్ హ్యాండిల్ గుంటలో గోళ్ల గీతలు ఉంటాయి చూడు, అక్కడికి మిషన్ పోదు. ఫోమ్ అప్లికేటర్‌తో చేత్తోనే రుద్దుకో. లోతైనవి మిగిలితే మిగలనివ్వు.

పాత_ఓమ్నీ (పరకాల)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది బాగా పాత తెల్ల ఓమ్నీ. ఇలాగే రుద్దితే ప్యాడ్ మొత్తం తెల్లగా అయింది. పెయింట్ ఊడిపోతోందని ఆపేశాను. ఊడుతోందా?

ఆటోనగర్_పెయింటర్

పాత సాలిడ్ రంగుల్లో క్లియర్ కోట్ వేరేగా ఉండదు, రంగే పైపొర. రుద్దితే రంగు ప్యాడ్‌కు అంటడం మామూలే, కంగారు వద్దు. పైన సున్నంలా పట్టిన పొర పోయేవరకు తేలిగ్గా చేసి ఆపేయండి, ఆ తర్వాత వ్యాక్స్ పెట్టండి. క్లియర్ కోట్ ఉన్న కొత్త బండికి ప్యాడ్ మీద రంగు కనిపిస్తే మాత్రం అప్పుడే మిషన్ ఆపాలి, క్లియర్ కోట్ దాటిపోయారని అర్థం.

ఓరుగల్లు_నల్లబండి

బానెట్ పూర్తయింది అన్నా! టెస్ట్ చోట మీడియం పాలిష్‌తోనే గీతలు దాదాపు పోయాయి, కటింగ్ కాంపౌండ్ డబ్బా మూత కూడా తీయలేదు. టేపు తీసేసరికి గీత గీసినట్టు తెలిసింది, ఒక పక్క బూడిద రంగు ముసుగు, ఇంకో పక్క నిక్కమైన నలుపు. టార్చ్ వేస్తే ఇటు లైటు చుక్క ఒక్కటే కనిపిస్తోంది, అటు దాని చుట్టూ వందల గీతలు. నా బండి రంగు ఇంత నలుపని తెలియనే తెలియదు. మా నాన్న వచ్చి చూసి, ఆయన స్కూటర్ కూడా వరసలో పెట్టారు.

రెండు మూడు లోతు గీతలు మిగిలాయి, వాటి జోలికి పోలేదు. డోర్లు, డిక్కీ వచ్చే ఆదివారం. ఒక అనుమానం మాత్రం ఉంది. ఎడమ ముందు ఫెండర్ ఆ మధ్య ఆటో తగిలితే ఇన్సూరెన్స్‌లో మళ్లీ పెయింట్ వేయించాను. దాని మీద కూడా ఇలాగే చేసి, అంతా అయ్యాక కోటింగ్ వేసుకోవచ్చా?

మైక్రాన్_లెక్క

చాలా సంతోషం తమ్మీ, ఆ లోతు గీతలు వదిలేసి మంచి పని చేశావు. ఫెండర్ విషయంలో ఆగు. పెయింట్ ఎప్పుడు వేశారో బిల్లు మీద తారీకు చూడు. కొత్త పెయింట్‌లో సాల్వెంట్ బయటికి పోవడానికి టైం కావాలి, 30 నుంచి 90 రోజుల దాకా వ్యాక్స్, కోటింగ్ లాంటివి వేయొద్దంటారు. పెయింట్ రకాన్ని బట్టి మారుతుంది, వేసినవాళ్లనే అడగడం మంచిది. టైం దాటి ఉంటే, నా దగ్గరికి ఒకసారి తీసుకురా, పెయింట్ మందం కొలిచే గేజ్ పెట్టి చూద్దాం. మళ్లీ వేసిన చోట 200 మైక్రాన్లు దాటి ఉండొచ్చు, కానీ మందంగా ఉందని ధైర్యం చేయొద్దు, అందులో ఎంత క్లియర్, ఎంత పుట్టీ అన్నది గేజ్ చెప్పదు. బంపర్ మీద మామూలు గేజ్ అసలు పని చేయదు, అది ప్లాస్టిక్, అక్కడ చెయ్యి తేలికగా ఉంచు. దసరాకు మిగతా బండికి సీలెంట్ అనే రక్షణ పూత వేసుకుని పూజ చేసుకో, కోటింగ్ తర్వాత చూద్దాం.

ఎర్ర_స్విఫ్ట్

ఆ టవళ్లు ఉతికేటప్పుడు ఇంట్లో బట్టలతో కలపకండి, కంఫర్ట్ లాంటివి పోయకండి, మైక్రోఫైబర్ నీళ్లు పీల్చడం మానేస్తుంది. వేరేగా ఉతికి నీడలో ఆరేయండి.

ఖని_రాత్రిషిఫ్ట్

కరీంనగర్ అన్నా, ఆ ప్రెషర్ వాషర్‌ను బండికి ఎంత దూరంలో పట్టుకోవాలి?

కరీంనగర్_క్వారీ

విశాలంగా కొట్టే నాజిల్ పెట్టి, అడుగు పైనే దూరం పట్టుకో అన్నా. రాయి తగిలి పెయింట్ లేచిన చోట, స్టిక్కర్ అంచుల మీద దగ్గరగా కొట్టొద్దు, అక్కడి నుంచే పొర లేస్తుంది.